తొమ్మిది మార్కుల ఖరీదు

2023లో దసరా ముందు మా తమ్ముడి టోఫెల్ మార్కులు వచ్చాయి. 120కి 71. రీడింగ్ 22, లిజనింగ్ 20, రైటింగ్ 15, స్పీకింగ్ 14. వాడు ఎమ్మెస్‌కి అనుకున్న యూనివర్సిటీలు అడిగేది 80. పదో తరగతి దాకా తెనాలి పక్కన జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం. ఆ తర్వాత సివిల్ ఇంజనీరింగ్ ఇంగ్లిష్ పుస్తకాలతోనే చదివాడు గానీ, క్లాసులో పాఠం సగం తెలుగులోనే జరిగేది. ఆపైన హైదరాబాద్‌లో ఉద్యోగం. సైటు మీద తెలుగు, హిందీ తప్ప మూడో భాషతో పని పడదు. చదివితే అర్థమవుతుంది, వింటే చాలావరకు అర్థమవుతుంది, నోరు తెరవాల్సి వస్తేనే చిక్కంతా. మార్కుల కాగితం కూడా అదే చెప్పింది.

మార్కులు చూడగానే కన్సల్టెన్సీ వాళ్లు ఒక దారి చెప్పారు. దాని పేరు కండిషనల్ అడ్మిషన్. ముందు ఒక సెమిస్టర్ అమెరికాలోనే, అదే యూనివర్సిటీలో, ఇంటెన్సివ్ ఇంగ్లిష్ ప్రోగ్రాం చదవాలి. అది గట్టెక్కితే మళ్లీ టోఫెల్ రాయకుండానే ఎమ్మెస్‌లో చేర్చుకుంటారు. జనవరిలో విమానం ఎక్కేయొచ్చు. "మాకు మీరేమీ ఇవ్వక్కర్లేదండీ, మా సర్వీసు ఫ్రీ" అన్నారట నాన్నతో. నాన్న ఆ రాత్రే మిషిగన్‌లో ఉన్న నాకు ఫోన్ చేశారు. "పది లక్షల్లో అయిపోతుందంటున్నారమ్మాయ్. ఏడాది పోగొట్టుకోవడం కన్నా నయం కదా?"

నాన్న ఆ ఏడాది జూన్‌లోనే ఆర్టీసీలో రిటైరయ్యారు. వచ్చిన డబ్బులో 15 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీములో వేశారు. అప్పటి వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకోసారి 30,750 రూపాయలు చేతికొస్తాయి. ఆర్టీసీలో చేసినవాళ్లకు వచ్చే పెన్షన్ ఎంతో ఆ ఇళ్లలో పుట్టినవాళ్లకు తెలుసు. అమ్మానాన్నల ఇల్లు నడిచేది ఆ వడ్డీ మీదే. కన్సల్టెన్సీ వాళ్లు చెప్పిన పది లక్షలు అందులోంచే రావాలి. ఆ స్కీములో ఏడాది తిరగకుండా ఖాతా మూసేస్తే వడ్డీ ఉండదు, అప్పటికే ఇచ్చింది కూడా అసల్లోంచి కోసుకుంటారు. అందుకని ఆయనకు అవునని గానీ కాదని గానీ చెప్పకుండా, రెండు రోజులు ఆగమని, లెక్క వేయడానికి కూర్చున్నాను.

ఆ ఆఫర్ లెటర్లో ఇంగ్లిష్ ప్రోగ్రాం ఫీజు 7,200 డాలర్లు. నాలుగు నెలలు ఉండటానికి, తినడానికి ఎంత పొదుపుగా చూసినా నెలకు 1,100. ఆరోగ్య బీమా తప్పనిసరి, అది 900. మొత్తం 12,500 డాలర్లు. డాలరు 83 రూపాయలున్న రోజులవి, అంటే 10 లక్షల 37 వేలు. విమానం టికెట్టు, వీసా ఫీజు 185 డాలర్లు, విదేశీ విద్యార్థుల నమోదుకు కట్టే సెవిస్ ఫీజు 350 ఎలాగూ ఎమ్మెస్‌కి వెళ్లినా కట్టేవే కాబట్టి వాటిని పక్కన పెట్టాను. 71కి, 80కి మధ్య తేడా తొమ్మిది మార్కులు. ఒక్కో మార్కు లక్షా పదిహేను వేలు.

గంటల్లో చూస్తే బొమ్మ ఇంకా తేటగా కనిపించింది. ఎఫ్-1 వీసా మీద భాష నేర్చుకునేవాళ్లు వారానికి కనీసం 18 గంటలు క్లాసులో కూర్చోవాలని అమెరికా నిబంధన. చాలా ప్రోగ్రాముల టైంటేబుల్ ఆ అంకె చుట్టూనే అల్లి ఉంటుంది. 15 వారాల సెమిస్టర్‌కి 270 గంటలు. 7,200ని 270తో భాగిస్తే గంటకు దాదాపు 27 డాలర్లు, మన డబ్బుల్లో 2,200. అదీ పన్నెండు పదిహేను మంది కూర్చునే క్లాసులో. గంటలో తమ్ముడు నోరు విప్పే వంతు నాలుగైదు నిమిషాలకు మించదు. వాడికి కావలసిందేమో మాట్లాడటం. గ్రామరు వాడికి నాకన్నా బాగా వచ్చు.

"అక్కడుంటే క్లాసు బయట కూడా ఇంగ్లిషే కదక్కా, అదే పెద్ద ట్రైనింగ్" అన్నాడు వాడు. మంచి మాటే, ఆ బయటంటూ ఒకటుంటే. కన్సల్టెన్సీ వాళ్లు వాడికి అప్పటికే చూసిపెట్టిన అపార్ట్‌మెంట్లో ఐదుగురూ మనవాళ్లే, ఇద్దరిది గుంటూరు, ఒకరిది ఖమ్మం. పప్పు ఎవరు వండాలో ఇంగ్లిష్‌లో మాట్లాడుకోరు గదా.

ఇక కాగితాల సంగతి. 2016 జూలైలో అమెరికా ప్రభుత్వం ఒక మార్గదర్శకం ఇచ్చింది: డిగ్రీకి కావలసిన అర్హతలన్నీ రాకముందే, షరతు మీద, డిగ్రీ కోర్సు పేరుతో ఐ-20 (విద్యార్థి వీసాకు యూనివర్సిటీ ఇచ్చే పత్రం) ఇవ్వకూడదు. అందుకని తమ్ముడికి ముందొచ్చేది ఇంగ్లిష్ ప్రోగ్రాంకి మాత్రమే ఐ-20. వీసా ఇంటర్వ్యూలో ఆఫీసరు చేతిలో ఉండేది అదే. సివిల్ ఇంజనీరు నాలుగు నెలల ఇంగ్లిష్ కోసం పది లక్షలు పెట్టి ఎందుకు వెళ్తున్నాడో వాడు వివరించాలి, తనకు 14 మార్కులొచ్చిన ఆ మాట్లాడే ఇంగ్లిష్‌లోనే. వీసా రాకపోతే వీసా ఫీజు, సెవిస్ ఫీజు వెనక్కి రావు.

తెనాలిలో నాన్న ఖాతా ఉన్న బ్యాంకులో అడిగితే, ఎమ్మెస్‌కి అప్పు ఇస్తాం గానీ భాషా కోర్సు మా పథకంలో లేదన్నారు. అంటే ఆ పది లక్షలూ చేతి డబ్బే. పైగా అప్పటి నియమం ప్రకారం చదువు కోసం సొంత డబ్బు ఏడాదిలో 7 లక్షలు దాటి పంపితే, దాటిన దాని మీద 5 శాతం టీసీఎస్, అంటే ముందుగానే వసూలు చేసే పన్ను, పట్టుకుంటారు. మాకది 17 వేల దాకా. రిటర్ను వేస్తే వెనక్కి వస్తుంది, కానీ అన్నాళ్లూ ఆ డబ్బు ప్రభుత్వం దగ్గరుంటుంది. బ్యాంకు అప్పు తెచ్చి పంపితే అప్పట్లో అర శాతమే. 2025 ఏప్రిల్ నుంచి పరిమితి 10 లక్షలైంది, గుర్తింపు పొందిన సంస్థల నుంచి తెచ్చిన అప్పు మీద టీసీఎస్ ఎత్తేశారు. మాకు ఆ వెసులుబాటు అప్పటికి లేదు.

మరి కన్సల్టెన్సీ వాళ్లకు ఫ్రీగా చేయడంలో లాభమేమిటి? అమెరికాలో 1992 నాటి చట్టం ఒకటుంది. ఫెడరల్ ఆర్థిక సాయం తీసుకునే కాలేజీలు, చేర్పించిన విద్యార్థుల తలకింత అని ఎవరికీ కమీషన్ ఇవ్వకూడదు. కానీ ఫెడరల్ సాయానికి అర్హత లేని విదేశీ విద్యార్థులను విదేశాల నుంచి చేర్పిస్తే ఆ నిషేధం వర్తించదు. కాలేజీ అడ్మిషన్ల కౌన్సెలర్ల జాతీయ సంఘం కూడా 2013లో విదేశాల్లో కమీషన్ ఏజెంట్లను వాడుకోవడానికి సమ్మతించింది. కాబట్టి యూనివర్సిటీ ఫీజులోంచి ఏజెంటుకు వాటా రావడం చట్టబద్ధమే. ఏజెంటు బతుకుతెరువును నేను తప్పుపట్టను. ఆయన చూపించే యూనివర్సిటీల చిట్టా ఎవరి అవసరాన్ని బట్టి తయారైందో ఊహించుకోగలిగితే చాలు. అమెరికా విదేశాంగ శాఖ అండతో నడిచే ఎడ్యుకేషన్‌యూఎస్ఏ సలహా కేంద్రాలు మన హైదరాబాద్‌లోనే ఉన్నాయి. అక్కడ అడగడానికి డబ్బు కట్టనక్కర్లేదు, వాళ్లు కమీషన్ తీసుకోరు. తమ్ముణ్ని ముందు అక్కడికి పంపాను.

ఇంటెన్సివ్ ఇంగ్లిష్ అంటేనే దండగ అనేంత మొండిదాన్ని కాను. ఆ పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. మా ఇంటికి గంట లోపు దూరంలో ఉన్న మిషిగన్ యూనివర్సిటీలోనే 1941లో చార్లెస్ ఫ్రీస్ అనే భాషావేత్త ఇంగ్లిష్ లాంగ్వేజ్ ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టాడు. ఇతర భాషల వాళ్లకు ఇంగ్లిష్ నేర్పడం ఒక శాస్త్రంగా కుదురుకోవడంలో దాని పాత్ర చాలా ఉంది. 2005 నుంచి సౌదీ రాజు పేరిట ఇచ్చిన స్కాలర్‌షిప్పుల మీద వచ్చిన కుర్రాళ్లకు ఇంగ్లిష్ ప్రోగ్రాం ఖర్చు కూడా వాళ్ల ప్రభుత్వమే భరించింది. బ్రెజిల్ ప్రభుత్వం కూడా కొన్నేళ్లు అలాగే పంపింది. బడిలో వారానికి నాలుగు పీరియడ్లు తప్ప ఇంగ్లిష్ ముఖం చూడని దేశాల నుంచి, అక్షరాల దగ్గర మొదలుపెట్టాల్సిన వాళ్లకు, రోజంతా ఆ భాషలో ముంచే క్లాసు వేరే ఎక్కడ దొరుకుతుంది? మావాడి పరిస్థితి అది కాదు. నాలుగేళ్లు ఇంగ్లిష్ పుస్తకాలు చదివినవాడికి సౌదీ కుర్రాడికి కుట్టిన చొక్కా తొడిగి, సరిపోయిందా అని అడిగినట్టుంది ఈ బేరం.

నేనీ లెక్కలు ఇంత ధీమాగా వేయడానికి కారణం, అంతకు కొన్నేళ్ల ముందు నా కోసం ఇవే వేసుకున్నాను. నాగార్జున యూనివర్సిటీలో ఎమ్మెస్సీ మాథ్స్ అయ్యాక పెళ్లి చేసుకుని, హెచ్-4 వీసా మీద డెట్రాయిట్ శివార్లకు వచ్చాను. డిపెండెంట్ వీసా మీద చదువుకోవచ్చు, ఈఏడీ (పని అనుమతి) వచ్చేదాకా సంపాదించకూడదు. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్ చేయాలని ఉండేది. ఇంగ్లిష్ నాకూ తమ్ముడి లాంటిదే. లైబ్రరీలో వారానికోసారి ఇంగ్లిష్ మాట్లాడుకునే బృందం కూర్చునేది, ఉచితం. మా నోవై ఊళ్లో కార్ల కంపెనీల పని మీద వచ్చిన జపాన్ కుటుంబాలు ఎక్కువ. ఆ బల్ల చుట్టూ సగం మంది జపాన్ ఆడవాళ్లే. వాళ్లకు తెలుగు రాదు, నాకు జపనీస్ రాదు. గత్యంతరం లేక అందరం ఇంగ్లిష్ మాట్లాడాం. నాకు మాట వచ్చింది అక్కడే.

దాంతోపాటు ప్రభుత్వ నిధులతో నడిచే వయోజన విద్యా క్లాసుల్లో చేరాను, అదీ ఉచితమే. కాకపోతే అక్కడికి చేరాలంటే కారుండాలి. ఆ ఉచిత క్లాసు కోసం ఒక పాత కొరొల్లా కొన్నాం, దాని బీమా కట్టాం. కారు బీమా ఖరీదులో మిషిగన్‌ది దేశంలోనే ముందువరస. ఏటా కడుతున్నదాన్ని చూసి మా ఆయన "నీ ఫ్రీ ఇంగ్లిష్ బాగానే పడుతోంది" అనేవారు. ఆ కారు మీదే తర్వాత కూరగాయలు, పిల్లాడి డేకేర్, నా కాలేజీ అన్నీ నడిచాయి కాబట్టి ఆ ఖర్చంతా ఇంగ్లిష్ ఖాతాలో రాయడానికి నేనొప్పుకోలేదు.

ఇదే దారి తమ్ముడికి చెబుదామని చూస్తే, చట్టం అడ్డొచ్చింది. ఎఫ్-1 విద్యార్థులు ప్రభుత్వ నిధులతో నడిచే వయోజన విద్యా ప్రోగ్రాముల్లో ఆ వీసా మీద చదవకూడదని 1996లోనే చట్టం చేశారు. ఒకే ఊళ్లో, ఒకే ఇంట్లో ఉన్నా అక్కకు ఉచితం, తమ్ముడికి నిషిద్ధం. ఇంగ్లిష్ ఖరీదు ఊరిని బట్టి మారినంతగా పాస్‌పోర్టులో అంటించిన వీసాను బట్టి మారుతుంది.

నేను డాలర్లు పోసి కొన్నది ఒక్కటే, యూనివర్సిటీ వాళ్ల అకడమిక్ రైటింగ్ కోర్సు, 1,400 డాలర్లకు. కట్టేటప్పుడు ప్రాణం ఉసూరుమంది, ఎందుకంటే అది మా ఆయన జీతం, ఆ వేసవిలో ఇండియా వెళ్లడానికి దాచిన డబ్బు. కానీ అది తెనాలిలో గానీ హైదరాబాద్‌లో గానీ నాకు దొరికేది కాదు. మన పరీక్షల్లో పుస్తకంలో ఉన్న వాక్యం పొల్లుపోకుండా రాస్తే పూర్తి మార్కులు. అక్కడ అదే వాక్యం ఎవరిదో చెప్పకుండా రాస్తే దొంగతనం కిందకు వస్తుంది, క్రమశిక్షణ సంఘం ముందు నిలబెడతారు. ఎవరి మాట ఎక్కడ ముగిసింది, నా మాట ఎక్కడ మొదలైంది అన్న గీత గీయడం, ప్రొఫెసర్‌తో విభేదిస్తూ కూడా మర్యాదగా రాయడం, ఆఫీస్ అవర్స్‌కి వెళ్లి అర్థం కాలేదని చెప్పడం ఆ టీచరు పని గట్టుకుని నేర్పింది. పేరాగ్రాఫు రాసిస్తే పక్కన ఎర్ర సిరాతో "ఇది నువ్వు నమ్ముతున్నావా?" అని అడిగేది. ఆ ప్రశ్న నన్ను అంతకుముందు ఏ పరీక్షా అడగలేదు. తర్వాత ఎమ్మెస్‌లో నేను రాసిన ప్రతి పేపరూ ఆ 1,400 మీద వచ్చిన వడ్డీయే అనుకుంటాను.

తమ్ముడికి నేను గీసిచ్చిన గీత ఇక్కడి నుంచే వచ్చింది. రూపాయల్లో దొరికేది రూపాయల్లో కొనుక్కోవాలి. మాట్లాడటం, టోఫెల్ మార్కులు హైదరాబాద్‌లో దొరుకుతాయి. డాలర్లు ఎమ్మెస్‌లో చేరాక, అక్కడ తప్ప దొరకని వాటికి దాచుకోవాలి. పైగా తేదీలు చూస్తే కన్సల్టెన్సీ దారిలోనూ వాడి ఎమ్మెస్ మొదలయ్యేది 2024 ఆగస్టులోనే. ఇంటి దగ్గరుండి చదివి మళ్లీ పరీక్ష రాసినా ఆగస్టే. నాన్న భయపడ్డ ఏడాది రెండు దారుల్లోనూ పోవడం లేదు. ఒక దారిలో ఆ నెలలు వాడు 28 వేల జీతం తెచ్చుకుంటాడు, రెండో దారిలో నెలకు 1,100 డాలర్లు ఖర్చుపెడతాడు.

కూకట్‌పల్లిలో రిటైరైన ఇంగ్లిష్ లెక్చరర్ ఒకాయన దొరికారు. గంటకు 500, ఎదురుగా కూర్చునే విద్యార్థి ఒక్కడే. మాస్టారు మొదటి నెల పుస్తకం తెరవనివ్వలేదట. టోఫెల్ స్పీకింగ్‌లో అప్పట్లో మొదటి ప్రశ్నకు 15 సెకన్లు ఆలోచించుకుని 45 సెకన్లు మాట్లాడాల్సి ఉండేది. మావాడికి 20 సెకన్లకే సరుకైపోయేది. రోజూ సైటులో ఏం జరిగిందో ఆయనకు చెప్పాలి: కాంక్రీటు ఎందుకు ఆలస్యమైంది, మేస్త్రీ ఎందుకు అలిగాడు. తెలుగు ముక్క దొర్లితే మళ్లీ మొదటి నుంచి. ఫోన్లో రికార్డు చేసి వాడి గొంతు వాడికే వినిపించేవారు. మేస్త్రీ అలకను ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలో తేల్చుకోవడానికే ఒక సాయంత్రమంతా పట్టిందని వాడు నాకు ఫోన్లో చెప్పాడు, ఇంగ్లిష్‌లోనే. ఆ తర్వాత నెలల్లో రైటింగ్ మొదలుపెట్టారు. 2023 జూలై నుంచి టోఫెల్ రెండు గంటల లోపుకు కుదించారు, పాత వ్యాసం బదులు క్లాసు చర్చకు జవాబు రాసే ప్రశ్న పెట్టారు. అమీర్‌పేటలో వాడు కొన్న పాత మెటీరియల్ అందుకు పనికిరాలేదు.

మాస్టారి ఫీజు, రెండోసారి టోఫెల్, యూనివర్సిటీల అప్లికేషన్ ఫీజులు అన్నీ కలిపి లక్ష లోపే తేలింది. అందులో సగం వాడి జీతంలోంచి, సగం నేను పంపాను. ఇక్కడ ఒక మాట చెప్పాలి. నాది సంపాదన లేని వీసా, పుట్టింటికి పంపేది మా ఆయన సంపాదన. ఎంత పంపుతున్నామో, ఎందుకో, వెనక్కి వస్తుందా రాదా అన్నది ముందే ఇద్దరం కాగితం మీద రాసుకున్నాం. అప్పని అనుకుంటూ ఇచ్చి కానుకగా మర్చిపోవడం, కానుకగా ఇచ్చి అప్పులా గుర్తుపెట్టుకోవడం రెండూ మా చుట్టాల ఇళ్లలో చూశాను. "బావా, ఉద్యోగం రాగానే ఇచ్చేస్తా" అని తమ్ముడన్నప్పుడు ఈయన నవ్వి, ఆ మాట కాగితం మీద లేదు పొమ్మన్నారు.

ఫిబ్రవరిలో రెండోసారి రాశాడు. 86. స్పీకింగ్ 20. ఒహాయోలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో సీటు వచ్చింది, మామూలు అడ్మిషన్, డిగ్రీకే ఐ-20. ఇప్పుడు బ్యాంకు అప్పిచ్చింది. ఆ అప్పు నాన్న పేరున ఉండేలా చూశాం, ఎందుకంటే విద్యారుణం వడ్డీకి అప్పటి ఆదాయపు పన్ను చట్టంలోని 80ఈ మినహాయింపు తన, జీవిత భాగస్వామి, పిల్లల చదువుకు వర్తించేది గానీ తోబుట్టువుల చదువుకు కాదు. అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే, ఎనిమిదేళ్ల వరకు. మేం సాయం చేసిన భాగం ఇండియాకు పంపించి, రూపాయలు చేసి, మళ్లీ డాలర్లు చేయించే తిరుగుడు లేకుండా ఇక్కడి నుంచే యూనివర్సిటీకి కట్టాం. నాన్న ఖాతా కదలలేదు. మూడు నెలలకోసారి 30,750 పడుతూనే ఉంది.

ఇంగ్లిష్ ఖర్చు అంతటితో తీరిందనుకోలేదు, తీరలేదు కూడా. కొన్ని యూనివర్సిటీలు టోఫెల్ మార్కులు ఒప్పుకున్నా, చేరాక తమ సొంత ప్లేస్‌మెంట్ పరీక్ష పెట్టి, తప్పితే ఇంగ్లిష్ కోర్సు తీసుకోమంటాయి. దానికి మామూలు ట్యూషనే కట్టాలి, డిగ్రీ లెక్కలోకి మాత్రం రాదు. మేం అప్లై చేసే ముందు ప్రతి యూనివర్సిటీనీ ఈమెయిల్లో ఆ ఒక్క ప్రశ్న అడిగాం. కట్టాల్సి వచ్చేచోట్లను చిట్టాలోంచి తీసేశాం.

అసలు డబ్బు మాత్రం స్పీకింగ్ మార్కు దగ్గర ఆగిపోయి ఉంది. టీచింగ్ అసిస్టెంట్‌గా తీసుకుంటే ట్యూషన్ మాఫీ, పైన నెల నెలా జీతం. ఒక సెమిస్టర్‌కే 10 వేల డాలర్లకు పైగా తేడా. కానీ అండర్‌గ్రాడ్యుయేట్ల ముందు నిలబడి పాఠం చెప్పాలంటే 20 చాలదు. ఒహాయోలో ప్రభుత్వ యూనివర్సిటీలు టీచింగ్ అసిస్టెంట్ల మాట్లాడే ఇంగ్లిష్‌ను పరీక్షించి తీరాలని చట్టమే ఉంది. మొదటి ఏడాది వాడికి గ్రేడర్ పని దొరికింది, పేపర్లు దిద్దడం, గంటల లెక్కన జీతం. సెమిస్టర్ నడుస్తుండగా ఎఫ్-1 మీద వారానికి 20 గంటలకు మించి చేయకూడదు. మనసులో లెక్క వేసుకుని, ఆ ఇంటెన్సివ్ ప్రోగ్రాంకి వెళ్లుంటే ఈపాటికి టీఏ వచ్చేదేమో అని ఒకసారి అన్నాడు. వచ్చేదేమో, నాకు అభ్యంతరం లేదు. ఆ పది లక్షలు పోసినా చివరికి రాయాల్సింది ఈ మౌఖిక పరీక్షే.

ఆ పరీక్షకు తయారు చేయడానికి వాళ్ల యూనివర్సిటీ చేరిన విద్యార్థులకు ఉచితంగా ఒక క్లాసు నడుపుతోంది. మావాడు ఈ సెమిస్టర్ అందులో ఉన్నాడు. బీముల్లో వంగుడు గురించి పది నిమిషాలు బోర్డు దగ్గర చెప్పాలి, వినేవాళ్లు మధ్యలో ప్రశ్నలడుగుతారు. మొన్న ఫోన్ చేసి, బయట ఎవరో యాక్సెంట్ ట్రైనింగ్ గంటకు 60 డాలర్లకు ఇస్తున్నారు, చేరనా అక్కా అన్నాడు. ముందు ఆ ఉచిత క్లాసులో టీచరు నీ గురించి ఏం రాసిందో నాకు పంపించు అన్నాను. ఇంకా పంపలేదు.